ఎడమ స్పీకరులో పదమూడో ఎక్కం

"ఇదిగో నీ ఎక్కాలు. ఇక నీ దగ్గరే ఉంచుకో" అంటూ మా అక్క అరచేతిలో ఇమిడే టేపు రీలు ఒకటి నా ఒళ్ళో పడేసింది.

పోయిన ఏడాది శ్రావణమాసం సంగతి ఇది. అక్క మంగళగిరిలో పాత ఇల్లు ఖాళీ చేసి, పక్క వీధిలోనే అపార్ట్‌మెంటులోకి మారుతోంది. సామాను సర్దడానికి సాయం చేద్దామని నేను పటమట నుంచి బస్సెక్కి వెళ్ళాను. వెళ్ళినదాన్ని గిన్నెలు మూట కట్టి ఊరుకోవచ్చు కదా! ట్రంకు పెట్టెలో ఏముందో చూద్దామని నేనే మూత తీశాను. అడుగున పెద్ద అంచు చీర ఒకటి, ఆ చీర మడతల్లో చిన్న అట్టపెట్టె, అందులో ఈ రీలు. చూడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. అరవై ఆరేళ్ళ మనిషిని. ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పాను. నేను గుమ్మంలో అడుగు పెడితే చాలు, క్లాసంతా నోరు మూసుకునేది. అలాంటి నేను ఆ రీలును చూసి మళ్ళీ ఎనిమిదేళ్ళ దొంగపిల్లనైపోయాను.

ఆ కథ మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. నా పెళ్ళిచూపుల్లో కూడా ఎవరో మహానుభావురాలు చెప్పింది. మా ఆయన అది విని నవ్వారు కాబట్టే ఒప్పుకున్నాను.

మాది దివిసీమలో కాలవ గట్టున ఒక పల్లెటూరు. ఏటా జూన్‌లో కాలవలకు నీళ్ళు వదిలినప్పుడు, ఆ మొదటి నీళ్ళు ఊరి దగ్గరికి చేరేసరికి ఆడవాళ్ళంతా గట్టు మీదికి వెళ్ళి, నీళ్ళలో పసుపూ కుంకుమా వేసి పాట పాడేవారు. ఆ పాట మా అమ్మమ్మ కట్టింది. ఏ పుస్తకంలోనూ లేదు. "కాలవకు నీళ్ళొచ్చె కదలి రండమ్మా, పసుపూ కుంకుమతో పలకరించండమ్మా" అని మొదలవుతుంది. మొత్తం పదకొండు చరణాలు. నీళ్ళు ఏ ఊరు దాటి ఏ ఊరు వచ్చాయో, ఎక్కడ ఎవరి పొలం తడిసిందో అన్నీ అందులో ఉండేవట. ఉండేవట అని ఎందుకంటున్నానంటే, ఆ చరణాలు ఇప్పుడు ఎవరికీ రావు. చరణాలు ఒక్కరే పాడాలి, మిగతావాళ్ళు పల్లవి అందుకోవాలి. అమ్మమ్మకు ఆయాసం మొదలయ్యాక ఆ ఒక్కరూ మా అక్క అయింది.

అక్కకు అప్పుడు పదహారేళ్ళు. అది పాడుతుంటే గట్టు మీద పోయేవాళ్ళు సైకిలు దిగి నిలబడేవారు. నేను గోరంతలు కొండంతలు చేసే మనిషిని కాదు. నిజంగానే దిగేవారు.

ఆ ఏడు మా మావయ్య విశాఖపట్నం నుంచి టేపు రికార్డరు తెచ్చాడు. హార్బరులో ఉద్యోగం ఆయనది. సూట్‌కేసంత మిషను, పైన రెండు చక్రాలు. ఒక ఆదివారం సాయంత్రం అక్కను అరుగు మీద కూర్చోబెట్టి ఆ పాట మొత్తం రికార్డు చేశాడు. మర్నాడు పొద్దున ఊరు ఊరంతా వచ్చి విన్నారు. పాట అవగానే అందరూ గోలగా మెచ్చుకుంటూ లేస్తే, మిగిలిన కాస్త టేపు ఎవరూ వినకుండానే చివరిదాకా తిరిగింది. వాళ్ళు వెళ్ళిపోగానే మావయ్య పని మీద పక్కూరు వెళ్ళాడు. టేపు వెనక్కి తిప్పలేదు. అంతా కుడివైపు చక్రానికే చుట్టుకుని ఉండిపోయింది.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నేను ఆ మిషను దగ్గరికి చేరాను. నిండు రీలు ఎడమవైపు, ఖాళీ రీలు కుడివైపు ఉండాలని పొద్దున చూసి నేర్చుకున్నాను. అందుకని రెంటినీ తీసి అటుదిటు, ఇటుదటు మార్చి పెట్టాను. మావయ్య నొక్కిన ఎర్ర మీట నేనూ నొక్కాను. మైకు దగ్గరికి లాక్కుని రెండో ఎక్కం నుంచి పదమూడో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పేశాను.

సాయంత్రం, మావయ్య వచ్చేలోగా, అక్క తన పాట తనొక్కతే ఒకసారి వినాలనుకుంది. టేపు వెనక్కి తిప్పి పెట్టింది. రెండొకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు. ఎక్కాలు అయిపోయాక చివరిదాకా సుయ్‌మని చప్పుడే తప్ప ఇంకేం లేదు. ఆ మిషను సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎర్ర మీట నొక్కితే పాతది చెరిగిపోతుందని మాత్రం మావయ్య చెప్పి ఉన్నాడు.

అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. అక్క చెయ్యి ఎత్తలేదు. "కుళ్ళుబోతుదానా" అని ఒకే ఒక్క మాట అంది. అమ్మ దెబ్బలు ఆ పూటకు తగ్గాయి. అక్క మాట తగ్గలేదు.

మావయ్య వచ్చేసరికి అమ్మ అందరి నోళ్ళూ మూయించింది. "అంత దూరం నుంచి మోసుకొచ్చాడు పాపం, తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటాడు, ఎవరూ ఎత్తకండి" అంది. మా ఇంట్లో మర్యాదలన్నీ ఇంతే. చెప్పాల్సిన మనిషికి తప్ప అందరికీ చెబుతారు. మావయ్య రీలును అక్క చేతిలో పెట్టి, మిషను సర్దుకుని బస్సెక్కాడు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ పాడించవచ్చులే అనుకున్నారు. నెల తిరక్కుండా అక్కకు టైఫాయిడ్ వచ్చింది. లేచి తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది. అది ఇక బాగుపడలేదు. మరుసటేడు అమ్మమ్మ పోయింది. అక్క ఆ పాట ఊసే ఎత్తడం మానేసింది. ఎత్తకపోతే ఏ పాటైనా ఎన్నాళ్ళు గుర్తుంటుంది?

నేను ఆ పని ఎందుకు చేశానో నాకే తెలియదు. అక్కను అందరూ మెచ్చుకుంటుంటే ఓర్చుకోలేక చేసిందన్నారు. అంతమంది అన్నాక నేనూ అదే నమ్మాను.

ఆ రోజు మంగళగిరి నుంచి తిరిగొస్తూ బస్సులో రీలును చేతిసంచిలో పెట్టుకుని ఒకటే ఆలోచన. అక్క చివరిదాకా విన్నానంటుంది. ఏడుస్తూ విన్న మనిషి ఏం విని ఉంటుంది? ఎక్కడో ఒక మూల ఒక్క చరణమైనా మిగిలి ఉండదా? ఒక్క చరణం. అక్క గొంతులో. అది దొరికితే చాలు, ఇంకేం వద్దనుకున్నాను.

మా ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. హాల్లో యాంప్లిఫయరూ, నడుమెత్తు స్పీకర్లు రెండూ, రికార్డు ప్లేయరూ ఆయన సంసారం. నేను దుమ్ము తుడిస్తే కూడా పక్కనే నిలబడి కాపలా కాస్తారు. రీలు చూపించి విషయం చెబితే, "మన దగ్గర అన్నీ ఉన్నాయోయ్, దీన్ని తిప్పే డెక్కు ఒక్కటే లేదు" అన్నారు. ఆయన వాకబు చేయగా చేయగా హనుమాన్ జంక్షన్‌లో ఒక మైకుసెట్ల షాపాయన దగ్గర ఉందని తెలిసింది. ఇద్దరం వెళ్ళాం.

షాపాయనకు అరవై దాటి ఉంటాయి. మెడలో తాడుకు కళ్ళజోడు వేలాడుతూ, మాట నెమ్మదిగా, మనిషి ఒద్దికగా ఉన్నాడు. పెళ్ళిళ్ళకూ తిరనాళ్ళకూ క్రిస్మస్ సభలకూ మైకులు కట్టి కట్టి ఆ రోడ్డు పొడుగునా అందరికీ తెలిసినవాడు. డెక్కును గుడ్డతో తుడిచి, నిలువుగా నిలబెట్టి, తనకున్న పాత రీలు ఒకటి పెట్టి వినిపించాడు. రెండు స్పీకర్లూ ఖంగుమన్నాయి.

"ఇదుగోండమ్మా, ఇది హెడ్డు" అని మధ్యలో మెరుస్తున్న వేలి గోరంత ఇనపముక్కను చూపించాడు. "టేపు దీన్ని రాసుకుంటా పోద్ది. చదివేది ఇదేనండీ. మిగతాదంతా ఎట్టాపోయినా పర్లేదు, దీని మీద మాత్రం చెయ్యి పడకూడదు."

సరేనన్నాను. నాకు ఒకరు చెప్పాలా అని కూడా అనుకున్నాను.

డెక్కు ఇంటికొచ్చింది కానీ, మా ఆయన దగ్గరున్న వైర్లు దానికి సరిపోలేదు. మంచివి తెప్పించాలని వారం రోజులు ఆపారు. ఈలోపు దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా ఇంట్లో నేను దేన్నీ వదలను. మిక్సీ, గ్రైండరు, కుట్టుమిషను, ఆయన స్కూటరు, నా లాప్‌టాపు, అన్నిటినీ తుడిచి పసుపు రాసి బొట్టు పెట్టాను. కొత్తగా వచ్చిందని డెక్కుకు కూడా పెట్టాను. అక్క పాట దానిలోంచే రావాలి కదా అని ప్రత్యేకంగా దణ్ణం కూడా పెట్టుకున్నాను.

పండగ వెళ్ళిన రెండో రోజు పొద్దున కలపడానికి కూర్చున్నాం. మా ఆయన యాంప్లిఫయరును గోడ దగ్గర నుంచి ముందుకు జరిపి, వెనకాల టార్చి వేయమన్నారు. ఎక్కడ చూసినా వైర్లు తగిలించే బొడిపెలే. డెక్కు వెనక బయటికొచ్చే గొంతుకు రెండు బొడిపెలున్నాయి. తెల్లది ఎడమ, ఎర్రది కుడి. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ రెండు వైర్లూ యాంప్లిఫయరులో ఎక్కడ దూర్చాలన్న దగ్గర మాకు తగువు మొదలైంది. టేపు అని రాసి ఉన్న దాంట్లో పెట్టాలని నేను. రికార్డు ప్లేయరు వైర్లు పీకేశాం కాబట్టి దానిది ఖాళీగా ఉంది, అందులో పెట్టినా ఒకటేనని ఆయన.

"రాసి ఉన్నది వదిలేసి రాయనిదాంట్లో పెడతానంటారేంటండీ?"

"నీకు లెక్కలు తెలుసు, ఇది నాకు తెలుసు. టార్చి సరిగ్గా పట్టుకో."

పట్టుకున్నాను. ఆయన స్విచ్చి వేశారు. స్పీకర్లలోంచి రైసు మిల్లు తిరిగినంత మోత వచ్చింది. కింది ఫ్లాటు ఆవిడ బాల్కనీలోకి వచ్చి "ఏమైందండీ" అని కేక వేసింది. రికార్డు ప్లేయరు గొంతు సన్నం కాబట్టి ఆ బొడిపె దాన్ని బాగా పెంచుతుందట, డెక్కు గొంతు ముందే పెద్దదట. ఈ వివరమంతా ఆయనే తీరిగ్గా నాకు చెప్పారు, తనకు ముందునుంచీ తెలిసినట్టు. వైర్లు మాత్రం మారు మాట్లాడకుండా టేపు అని ఉన్న దాంట్లోకి మార్చారు.

ఎర్ర మీట మీద నేను ముందే బ్యాండేజీ ప్లాస్టరు అంటించాను. ఎవరి చెయ్యీ దాని మీద పడకూడదు. ముఖ్యంగా నాది.

రీలు ఎక్కించాం. పెట్టెలో ఎలా ఉందో అలాగే పెట్టాం. ఎడమ స్పీకరులోంచి ఒక పిల్ల దగ్గింది. ఆ తర్వాత మొదలుపెట్టింది. రెండొకట్ల రెండు.

నా గొంతే. పళ్ళు ఊడిన నోటితో, ఊపిరి తీసుకోకుండా, పరుగుపందెంలో ఉన్నట్టు చెప్పేస్తోంది. పదమూడో ఎక్కంలో ఎనిమిది దగ్గర ఆగి, తడుముకుని, "పదమూడు ఎనిమిదులు నూట ఆరు" అంది. లెక్కల టీచరు భాగోతం ఇది! మా ఆయన నవ్వబోయి నా మొహం చూసి ఆపుకున్నారు. ఎక్కాలు అయిపోయాయి. సుయ్‌మని చప్పుడు. కదలకుండా కూర్చుని చివరి అంగుళం దాకా విన్నాను. ఏమీ లేదు. అక్క లేదు. ఒక్క చరణం కాదు కదా, ఒక్క మాట కూడా లేదు.

వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. అరవై ఆరేళ్ళకు కూడా ఏడుపు కుళాయి కిందే.

ఏడుపు అయ్యాక నాకు కోపం వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. కళ్ళు తుడుచుకుని హాల్లోకి వచ్చి, "ఆ కుడి స్పీకరు మాట్లాడలేదేం?" అని అడిగాను. నిజమే, ఎక్కాలన్నీ ఎడమవైపు నుంచే వచ్చాయి. కుడిది మూగనోము పట్టింది. మా ఆయన ఎర్ర వైరునూ తెల్ల వైరునూ అటూ ఇటూ మార్చి పెట్టి చూశారు. ఈసారి ఎడమది మూగబోయింది, కుడిది ఎక్కాలు చెప్పింది. అంటే స్పీకర్లు బాగానే ఉన్నాయి, వైర్లు బాగానే ఉన్నాయి, రోగం డెక్కులోనే ఉంది. వైర్లు మళ్ళీ మొదట్లో ఉన్నట్టే పెట్టేశారు.

"పోనీలేవోయ్. వినాల్సింది విన్నాం కదా" అన్నారాయన.

"పోనీలే అంటే ఎలాగండీ? మనకు చెడిపోయిన మిషను అంటగట్టాడు!"

వెంటనే ఫోను తీసుకుని హనుమాన్ జంక్షన్‌కు కలిపాను. షాపాయనను నోటికొచ్చినట్టు అడిగాను. పెద్దవాళ్ళమని చూడకుండా మోసం చేశారన్నాను. సగం చచ్చిన మిషను ఇచ్చి హెడ్డు ఇది, తోక ఇది అని పాఠాలు చెప్పారన్నాను. ఆయన నెమ్మదిగానే, "శనివారం పొద్దున్నే వస్తానండీ, చూస్తానండీ" అన్నాడు. ఫోను పెట్టేశాక మా ఆయన పేపరు చాటు నుంచి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నారు. ఆ పూట ఆయనకు కాఫీ ఇవ్వలేదు.

అక్కకు ఫోను చేసి, ఏమీ మిగల్లేదే అని చెప్పాను. "తెలిసిందేగా. యాభై ఎనిమిదేళ్ళ కిందటే విన్నాను. నువ్వే ఊరికే ఆశపడ్డావు" అంది. ఆశపడింది నేనొక్కదాన్నే అయితే, శనివారం పొద్దున గోంగూర పచ్చడి సీసా పట్టుకుని అంత దూరం నుంచి ఎందుకొచ్చినట్టు? అడిగితే, డెక్కు మీద కప్పడానికి మంగళగిరి గుడ్డ తెచ్చానంది. నేను రెట్టించలేదు.

షాపాయన చెప్పిన వేళకు వచ్చాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా డెక్కు ముందు చాప మీద కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. హెడ్డు మీది మూత తీసి టార్చి వేసి చూశాడు. చూసి, నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ లోపలికి చూశాడు. పుల్లకు దూది చుట్టి స్పిరిట్‌లో ముంచి రాశాడు. దూది ఎర్రగా వచ్చింది. ఇంకోటి రాశాడు. అదీ ఎర్రగానే. మూడోది పచ్చగా వచ్చింది.

"అమ్మా, హెడ్డుకి బొట్టెవరు పెట్టారండీ?"

"మీ షాపులోనే పెట్టి ఉంటారు, పోయినేడు దసరాకి" అన్నాను. ఇంకా పొగరు దిగలేదు నాకు.

"మా షాపులో బొట్లు పెట్టమండీ" అన్నాడాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా. "మేం చర్చికెళ్ళేవాళ్ళం."

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ రోజు డెక్కు మూత తీసి చూస్తే, నల్లటి మొహంలో మధ్యన తళతళలాడుతూ ఆ ఒక్క ముక్కే నుదురులా కనిపించింది. బొట్టు అక్కడ కాక ఇంకెక్కడ పెడతారు? పసుపు తడి ఎక్కువై కుంకుమతో సహా కిందికి జారి, హెడ్డు కింది సగం మీద పెచ్చులా ఎండిపోయింది. పై సగం చదువుతోంది, కింది సగం చదవలేకపోతోంది. చెయ్యి పడకూడదని ఆయన చెప్పిన చోటే ఏరి కోరి వేలు పెట్టాను.

"తప్పయిపోయిందండీ. ఫోనులో చాలా మాటలన్నాను మిమ్మల్ని" అన్నాను.

"పర్లేదండీ. దణ్ణం పెట్టుకునే చేశారుగా. కోపంతో చెయ్యలేదుగా" అన్నాడాయన.

"అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు" అని మా ఆయన గొణిగారు. అక్క మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. దాని చేతిలో వాడేసిన దూదిపుల్ల ఎర్రగా ఉంది, ఇంకోటి ఆయనకు అందిస్తోంది.

శుభ్రం చేయడం అయ్యాక రీలు మళ్ళీ పెట్టాడు. ఎడమ స్పీకరు ఎప్పటిలాగే రెండొకట్ల రెండు అంది. కుడి స్పీకరు కూడా నోరు తెరిచింది. కానీ అది ఎక్కాలు చెప్పలేదు. ఎవరో మాటలు మింగుతూ, గాలి లోపలికి లాక్కుంటూ మాట్లాడుతున్నట్టు వింత చప్పుడు. ఆ తర్వాత అది రాగంలాగా సాగింది. పైకి పోవాల్సింది కిందికి, కిందికి దిగాల్సింది పైకి.

"ఇదేం భాషే తల్లీ!" అంది అక్క. దాని నవ్వు ఆగిపోయింది.

షాపాయన చెయ్యెత్తి అందరినీ ఉండమన్నాడు. తల వంచి విన్నాడు. టేపు ఆపేశాడు.

"ఇది తిరగబడి, చివర్నించి మొదటికి వస్తంది, అంతేనండీ. పలకకి రెండు వైపులా రాసినట్టు, పాత టేపుకి రెండు అంచులుంటయ్. ఒక అంచు మీద ఒకటి, రీలు తిప్పి పెడితే రెండో అంచు మీద ఇంకోటి. పాత మిషను ఒక్క అంచే చదివేది. ఈ డెక్కు రెండూ ఒకేసారి చదువుద్ది. మీ ఎక్కాలు ఒక అంచు మీద ఉన్నయ్. రెండో అంచు మీద ఇంకేదో ఉందండీ."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత నా చేతులు నాకు గుర్తొచ్చాయి. ఎనిమిదేళ్ళ చేతులు. రెండు రీళ్ళనూ తీసి అటుదిటు, ఇటుదటు పెట్టిన చేతులు.

"అంటే... చెరగలేదా?" అంది అక్క.

"చెరిగితే ఇంత గట్టిగా ఎట్టా వినపడుద్దండీ?"

ఆయన రెండు రీళ్ళనూ మార్చి పెట్టాడు. సరిగ్గా నేను ఆనాడు చేసిన పనే చేశాడు. టేపు మొదటిదాకా తిప్పి, మీట నొక్కాడు.

కాలవకు నీళ్ళొచ్చె, కదలి రండమ్మా.

ఎలా చెప్పను? పదహారేళ్ళ మా అక్క మా హాల్లోకి వచ్చి కూర్చుంది. వెనకాల కాకులు, ఎవరో బావిలో బొక్కెన వేసిన చప్పుడు, మధ్యలో అమ్మమ్మ దగ్గు. ఇంత మంచి గొంతని నేను మర్చిపోయాను. మర్చిపోయానని కూడా ఇప్పటిదాకా నాకు తెలియదు. ఒక్క చరణం దొరికితే చాలనుకున్నదాన్ని, పదకొండూ ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. అక్క సోఫా అంచున కూర్చుంది. మూడో చరణం నుంచి దాని పెదవులు కదిలాయి. ఐదో చరణంలో, టేపు ఇంకా పలకకముందే, తర్వాతి ఊరి పేరు బొంగురు గొంతుతో తనే అనేసింది. అందరికన్నా తనే ఎక్కువ ఆశ్చర్యపోయింది. మా ఆయన చప్పుడు చేయకుండా కాగితం, పెన్నూ తెచ్చి రాసుకోవడం మొదలుపెట్టారు. చివరి చరణాలు వచ్చేసరికి కుడి స్పీకరులో నా ఎక్కాలు తిరగబడి గోల చేయబోతే, షాపాయన ఎర్ర వైరు పీకేశాడు.

పాట అయిపోయింది. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది.

"భేష్ అమ్మాయ్! ఒక్క చోట తడబడలేదు" అంది మావయ్య గొంతు.

తర్వాత అక్క గొంతు. పాట కాదు, మామూలు మాట. "మావయ్యా, ఇప్పుడు చెల్లి చేత చెప్పించు. దానికి పాట రాదు కానీ ఎక్కాలు భలే చెబుద్ది."

"టేపు అయిపోవచ్చిందే. రేపు చెప్పిద్దాంలే."

"ఒసే చెల్లీ, ఇట్రా. రేపు నీ గొంతు కూడా పడాలి దీంట్లో. పదమూడో ఎక్కం దాకా చెప్పాలి, తప్పు రాకూడదు. చెప్తావా?"

"చెప్తా" అంది ఒక పిల్ల. ఆ పిల్లను నేనే.

టేపు అయిపోయింది. దాని కొస చక్రానికి తగులుతూ టపటపా కొట్టుకుంటుంటే షాపాయన వేలితో ఆపాడు. నేను ఎందుకు చేశానో నాకు ఇప్పుడు తెలిసింది. అక్క చెప్పమంది, అందుకే చెప్పాను. మర్నాడు పెద్దవాళ్ళెవరికీ ఆ మాట గుర్తు లేదు. దెబ్బలు తిన్నాక నాకూ గుర్తు లేకుండా పోయింది.

"నేనే అడిగానా?" అంది అక్క.

"నువ్వే అడిగావు."

"యాభై ఎనిమిదేళ్ళు నిన్ను కుళ్ళుబోతుదానివన్నాను గదే. నా నోరు పడిపోను."

"ఊరుకో అక్కా, ఏం మాటలవి" అన్నాను. అనేసరికే నాకు ఏడుపు వచ్చేసింది. ఈసారి కుళాయి దాకా పోలేదు. అక్క నన్ను దగ్గరికి లాక్కుని, నా వీపు మీద చెయ్యి వేసి రాసింది. ఎక్కడ దెబ్బలు పడ్డాయో సరిగ్గా అక్కడ. ఇన్నేళ్ళలో అక్క నా మీద అలా చెయ్యి వేయలేదు.

షాపాయన భోజనం చేసి వెళ్ళాడు. వెళ్ళేముందు గోంగూర పచ్చడి రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. మా ఆయన రాసుకున్న కాగితాన్ని అక్క మడిచి జాకెట్టులో దోపుకుంది. జూన్‌లో నీళ్ళు వదలగానే మా ఊరి గట్టు మీదికి వెళ్ళాలట. చరణాలు ఎవరైనా చిన్నపిల్లకు నేర్పి పాడించాలట, పల్లవి తను అందుకుంటుందట. ఈ బొంగురు గొంతుతోనా అని నేను అడగలేదు. పల్లవి ఎవరైనా అందుకోవచ్చు.

సాయంత్రం బస్సుకు బయల్దేరబోతూ మళ్ళీ వెనక్కి వచ్చి సోఫాలో కూర్చుంది.

"మరిదిగారూ, ఆ రీలు తిరగేసి పెట్టండి. దాని ఎక్కాలు కూడా వింటాను. ఆనాడు ఏడుపులో సగమే చెవికెక్కింది."

మా ఆయన పెట్టారు. అక్క గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, రెండో ఎక్కం నుంచి ఒక్కటీ వదలకుండా విన్నది. "పదమూడు ఎనిమిదులు నూట ఆరు" అనగానే చెయ్యెత్తి, ఆపమంది.

"తప్పు రాకూడదని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"అయితే మళ్ళీ చెప్పు. మొదటినుంచీ."

నేను చేతులు కట్టుకుని నిలబడి, పదమూడో ఎక్కం మా అక్కకు అప్పజెప్పాను.